దొర బొమ్మలో చిటికెన వేలు

ఇవాళ చిటికెన వేలు దాచలేదు. ఇంతకు ముందు నిలబడ్డప్పుడల్లా దాన్ని టోపీ అంచు కిందికి మడిచేశాను, దొర చెయ్యన్నాక దొర చెయ్యిలాగే ఉండాలి కదా అని. ఇవాళ టోపీ అంచు మీద వేళ్ళన్నీ వరసగా పరిచి దాన్ని కూడా బయటే వదిలేశాను. అది ఎప్పటిలాగే నడిమి కణుపు దగ్గర ఒంగి, తతిమ్మా వేళ్ళతో పొత్తు కుదరనట్టు పక్కకు తిరిగి, వీధిలో పోయేవాణ్ణెవణ్ణో పిలుస్తున్నట్టు నిలబడింది. బొమ్మ వేసే యోస్త్ ఇంకా చూడలేదు. చేతి జోలికే రాలేదు, భుజం దగ్గర నలుపులో నలుపు కలుపుకుంటున్నాడు. కిటికీ బయట నది మీద మంచూ బొగ్గుపొగా కలిసి ఉతకని ఉన్నిలా పడి ఉన్నాయి. కొలువుకు వెళ్ళిన దొర తిరిగొచ్చేదాకా ఈ కాస్త వెలుతురూ ఉంటే చాలునని యోస్త్ మాటిమాటికీ అటు చూస్తున్నాడు. దొర ఎంత ఆలస్యంగా వస్తే నాకు అంత మంచిది. ఆయన వచ్చేలోగా ఈ వేలు బొమ్మగుడ్డ మీదికి ఎక్కాలి.

మెడ కింద నేను, మెడ పైన దొర. దోన్ బెల్త్రాన్ దొర ముఖాన్ని యోస్త్ రెండు పొద్దుల్లో దించేసుకున్నాడు. రాయబారికి అంతకు మించి తీరికేదీ? ఈ ఇంగ్లాండు రాజు వేటకు పోతే వెంట పోవాలి, ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడో కనుక్కుని మాద్రిద్‌లో మా రాజుకు రాయించాలి. మిగతా ఒళ్ళంతా ఎవడో ఒకడు ఆ బట్టలు తొడుక్కుని నిలబడి ఇవ్వాల్సిందే. ఏ కొలువులోనైనా ఇదే పద్ధతట. తను వేసిన ఒక బిషప్పుకు మెడ కింద ఉన్నది రొట్టెలు కాల్చేవాడని యోస్త్ చెప్పి నవ్వాడు. నేను దొర కంచరగాడిదలు చూసుకునేవాణ్ణి. ఎత్తూ భుజాలూ ఆయనవీ నావీ ఒకటే అని దర్జీ కొలిచి చెప్పాడు. అదీ ఒక వింతే, ఒకే ఊరి నీళ్ళు తాగి ఒకే కొలతకు పెరిగాం, ఆయన పెద్దింట్లో, నేను దాని కొట్టాల వెనక. ఈ నల్ల పట్టు ఒంటిమీద వేసుకున్న మొదటిరోజు ఊపిరాడలేదు. గంజి పెట్టిన తెల్ల పట్టీ మెడ కింద గట్టు కట్టినట్టు నిలబడి తల దించనివ్వదు. దొరలు తల ఎందుకు దించరో అప్పుడు తెలిసింది. రొమ్ము మీద కత్తి ఆకారంలో ఎర్ర శిలువ, దొరతనపు గుర్తు. దాన్ని నేను ముట్టుకోలేదు, అది మాత్రం నన్ను ముట్టుకుంటూనే ఉంది.

నలుపు అంటే ఒక్కటే అనుకునేవాణ్ణి ఇక్కడికి వచ్చేదాకా. యోస్త్ దగ్గర రంగుల చెక్క మీద ఎముకలు కాల్చిన నలుపు ఒకటి, ద్రాక్షతీగ కాల్చిన నలుపు ఒకటి, దీపం మసి ఒకటి. ఒకటి గోధుమరంగులోకి దిగుతుంది, ఒకటి నీలంలోకి. పార్దా వీపు కూడా అంతే. మా పార్దాను చూసి నల్ల కంచరగాడిద అంటారు చూడనివాళ్ళు. వానలో దాని వీపు నీలం, ఎండలో ఎరుపు, చెవుల లోపల బూడిద. మరి నా చేతికి ఏ రంగులు వాడతాడో చూడాలి. దొర ముఖం వేసేటప్పుడు మూలన దొర టోపీ పట్టుకుని నిలబడ్డాను, అప్పుడు చూశాను, చర్మం కింద ముందు ఆకుపచ్చ వేశాడు. ఆకుపచ్చ! తడిసిన నాచులాంటిది. దాని మీద గులాబీ, దాని మీద తెలుపు. ముఖం బతికింది. బతికున్నవాడికి లోపల నాచుంటుందా? ముల్లంగి పైన ఎరుపు, లోపల తెలుపు, మనిషి పైన తెలుపు, లోపల పచ్చన. అడుగుదామనుకున్నాను, అడగలేదు. యోస్త్‌ను ఒకటి అడిగితే పది చెబుతాడు, పదిలో ఏడు బూతులు. ఆయన ఫ్లాండర్సువాడు, మా భాష మా సైనికుల దగ్గర నేర్చుకున్నాడు, వాళ్ళు ఆయన తండ్రి సారాకొట్లో పడి ఉండేవాళ్ళట. అంచేత ఆయనకు మా భాషలో మర్యాదన్నది తెలియదు. మొదటిరోజు దొరనే "గడ్డం ఎత్తరా దొరా, చచ్చిన చేపలా చూడకు" అన్నాడు. గదిలో అందరి నోళ్ళూ ఎండిపోయాయి. దొర ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. ఇన్నేళ్ళలో దొర అంత నవ్వు నవ్వగా వినలేదు. అప్పట్నుంచి ఆ పిలుపే ఖాయమైంది.

ఆ నవ్వులో కూడా కుడిచెయ్యి అంగీ లోపలే ఉంది. చలికాలం నుంచీ అది అక్కడే ఉంటోంది. ఇంగ్లీషువాళ్ళు అదేదో మా దేశపు దర్జా అనుకుని, వాళ్ళ కుర్రదొరలు కొందరు తామూ చెయ్యి లోపల పెట్టుకుని తిరగడం మొదలెట్టారు. గుర్రం ఎక్కించేది నేను, అందుకని నాకు తెలుసు. చెయ్యి వణుకుతోంది. ఎండుటాకు వణికినట్టు కాదు, జల్లెడ ఆడినట్టు, ఒకే తీరున, ఆగకుండా. కప్పు పట్టుకుంటే వైను ఒలికిపోతుంది, కలం పట్టుకుంటే గీతలు పడతాయి. రాజుల మధ్య సంధి మాటలు నడుస్తున్నప్పుడు రాయబారి చెయ్యి వణుకుతోందని తెలిస్తే అవతలివాళ్ళు ఊరికే కాచుక్కూర్చుంటారు, ఇవాళో రేపో పడిపోతాడని. ఇవతల మాద్రిద్‌లో ఈ కొలువు కోసం ఆయన బావమరిది కాచుక్కూర్చునే ఉన్నాడు. ఇవన్నీ నాకు దొర చెప్పలేదు. "బొమ్మలో చెయ్యి నీది పెట్టు, తోరీబియో" అని మాత్రమే అన్నాడు. నేను "అట్లాగే దొరా" అన్నాను. మా ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడూ ఇంతే. అయినా గుర్రం ఎక్కించడానికి రకాబు పట్టుకుని నిలబడినప్పుడు ఆయన అడుగుతుంటాడు, పార్దా ఎడమచెవి ఎందుకు వాల్చింది, ఈ దేశం గడ్డికి పాలు ఎందుకు పలచన, పుట్టగొడుగులు ఇక్కడివాళ్ళు ఎందుకు తినరు అని. జవాబు తెలిస్తే చెబుతాను, తెలియకపోతే ఇద్దరం కలిసి ఆ గడ్డివంక చూస్తాం.

పార్దా ఓడ ఎక్కనని మొరాయించి నిలబడకపోయి ఉంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. రేవులో ఓడలు రెండు, దొర ఒకదాంట్లో, జంతువులూ మేమూ రెండోదాంట్లో. పార్దా ఓడ ఎక్కే పలక మీద కాలు పెట్టదు. కొట్టారు, కళ్ళకు గంతలు కట్టారు, అది రేవంతా వినపడేట్టు ఓండ్రపెట్టింది. చివరికి దొర విసుక్కుని దాన్నీ నన్నూ తన ఓడలోనే ఎక్కించమన్నాడు. ఎందుకో ఆ ఓడ పలక అయితే మారు మాట లేకుండా ఎక్కేసింది. జంతువుల ఓడ తుఫానులో పోయింది. చచ్చినవాళ్ళంటూ ఊరికి వెళ్ళిన పేర్లు ఓడ ఎక్కకముందు రేవులో రాసుకున్న పేర్లు, అందులో నాదీ ఉంది. ఇదంతా నాకు తెలియకుండానే ఇన్నాళ్ళు గడిచాయి. కిందటి వారం కొత్త వంటవాడు ఫ్రూతోస్ దిగాడు, మా పక్క ఊరివాడు. గరిటె పట్టుకుని నన్ను చూశాడు, గరిటె పడేశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు.

"నువ్వు ఓలాల్యా మొగుడివి కదూ? చచ్చిపోయావు కదయ్యా!"

"లేదు" అన్నాను.

"లేదంటాడేంటి! ఆత్మల పండక్కి నీ పేరున నేను కూడా కొవ్వొత్తి వెలిగించాను. ఆ వెలుగు ఇప్పుడు ఎవరికి పోయినట్టు?" అని, నాకు రెండు గరిటెలు శనగల పులుసు ఎక్కువ పోసి, "తిను తిను, అంత దూరం నుంచి తిరిగొచ్చావు" అని వంటిల్లంతా నవ్వించాడు. ఆ తర్వాత పక్కకు పిలిచి మిగతాది చెప్పాడు. ఓలాల్యా నల్లబట్టలు కట్టిందట. ఇక్కడ దిగగానే క్షేమమని నేను రాసి పంపిన కాగితం ఊరు చేరిందట, అయితే ఎవరూ నమ్మలేదట. ఎందుకు నమ్ముతారు? మా ఊరి మగపిల్లలమంతా చర్చి గంటలు కొట్టే ముసలాయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాం, అందరి రాతా ఆయన రాతే. ఇది వదిన పొలం పోకుండా నా తమ్ముడు రాసిందే అని ఊళ్ళో దొర కార్యస్థుడు లెస్మెస్ తేల్చేశాడట. మా ఫ్రెస్నెదాల్‌లో దొర పొలం మగదిక్కు లేని ఇంటికి ఉండదు. సంతాపం తీరేదాకా ఆగుతారు. ఆ గడువు ఈ మార్టిన్ పునీతుడి పండక్కి అయిపోతుంది. ఓలాల్యా ఏమంది అని అడిగాను. "ఏమంటుంది? కాగితం మడిచి రొట్టెల పెట్టెలో పెట్టుకుంది. నమ్మిందో లేదో ఎవరికి తెలుసు, మీ ఆవిడ నీకు తగినదే, నోరు విప్పదుగా" అన్నాడు ఫ్రూతోస్.

నోరు విప్పదనడం తప్పు. నాతో విప్పుతుంది. మార్టిన్ పండగరోజు మొదటిసారి ఆమె మాట విన్నది పెద్దింటి హాల్లోనే. ఆ రోజు గోధుమలూ కోళ్ళూ తెచ్చి దొరకు ఒప్పజెప్పాలి, దొర చెయ్యి ముద్దుపెట్టుకోవాలి. దొర ఊళ్ళో లేకపోతే దొర బొమ్మ చేతికి పెట్టాలి. దొర ఇంటివాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక రాజు పనిమీద దూరాన ఉండేవాళ్ళే, అందుకని ఊరంతా బొమ్మ చేతినే ముద్దుపెడుతూ వచ్చింది. గోడ మీది పాత దొరకు, దోన్ బెల్త్రాన్ తాతకు, కుడిచెయ్యి లేదు. మణికట్టు దాకా మంచి చెయ్యి, అక్కడ్నుంచి వట్టి గుడ్డ, ఆ గుడ్డ కూడా నూనె పట్టి నల్లబడి ఉంది. తురకలతో యుద్ధంలో నరికేశారని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకు చెప్పింది. నేను పెళ్ళీడు వచ్చేదాకా అదే నమ్మాను. ఆ పండగరోజు వరసలో నా ముందు నిలబడ్డ పిల్ల, నాకు పేరు కూడా తెలియదు అప్పటికి, వంగి ముద్దు పెట్టి, లేచి, తనలో తాను అనుకున్నట్టు అంది, "నరకడమేంటి, మనమే తినేశాం."  అవును కదా! ఇన్ని నోళ్ళు, ఇన్ని పండగలు. ఊరు ఊరంతా ఒక మనిషి చేతిని తినేసి, ఆ నింద ఎవడో తురకవాడి మీద పెట్టింది. అంతసేపూ కళ్ళు మూసుకుని ముద్దుపెట్టేవాళ్ళనే చూశాను గాని, కళ్ళు తెరిచి పెట్టేవాళ్ళను చూడలేదు. పెళ్ళయ్యాక అడిగాను, అందరూ కళ్ళు మూసుకుంటారు, నువ్వెందుకు మూసుకోవని. "ఎంత మిగిలిందో చూడొద్దూ?" అంది.

ఆ కళ్ళు ఇప్పుడు కూడా తెరిచే ఉంటాయా? నల్లబట్టలు కట్టినవాళ్ళు కళ్ళు మూసుకుంటారేమో. దుఃఖంలో మనిషి ఎటు చూస్తాడో ఎవరికి తెలుసు. పార్దా జత కంచరగాడిద చచ్చినప్పుడు అది గోడవైపు తిరిగి నిలబడి, గోడలో ఒక్క రాయినే చూసింది చాలాకాలం. ఓలాల్యా కూడా ఏదో రాయిని చూస్తుంటుందా? ఈ బొమ్మ మార్టిన్ పండగలోగా మాద్రిద్ మీదుగా ఊరికి పోతుంది, పాత దొర పక్కన వేలాడుతుంది, ఇకమీదట ముద్దులు దీనికే. ఆమె కళ్ళు చిటికెన వేలికి జానెడు దూరంలోకి వస్తాయి. చూస్తే చాలు. ఆ వేలు కట్టింది తనే. కళ్ళంలో కంచరగాడిదలు లాగే నూర్పుచెక్క మీద నిలబడి తిరుగుతుంటే పగ్గం చుట్టుకుని విరిగింది. ఓలాల్యా పరుగెత్తుకొచ్చి, చెక్కగరిటె కాడ విరిచి, తన తలగుడ్డ చింపి బిగించి కట్టింది. కట్టేటప్పుడు ఏడుస్తోంది, ఏడుపులో చెయ్యి ఎటు పోతే అటు బిగించింది. కట్టు విప్పేసరికి వేలు పక్కకు తిరిగి ఉంది. ఊరంతా నవ్వింది. ఆమెకు మాత్రం కోపం, ఎవరైనా ఆ వేలి మాట ఎత్తితే చాలు. "వంకరేం కాదు, మా ఇంటివైపు చూస్తోంది, అంతే" అనేది. నిజమే, ఎటు తిరిగి నిలబడ్డా అది ఎటో ఒక వైపు చూస్తుంది. ఇక్కడికొచ్చాక ఒకసారి దీన్ని దక్షిణానికి తిప్పుకుని నిలబడి చూశాను, కొట్టంలో ఎవరూ లేనప్పుడు.

"కదలకురా" అన్నాడు యోస్త్. నేను కదల్లేదు. ఆయన భుజం వదిలి చేతికి వచ్చాడు.  ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు, కుంచె నోట్లో కరుచుకుని దగ్గరికి వచ్చి వంగి, కంచరగాడిద డెక్క చూసే కమ్మరివాడిలా చూశాడు.

"ఇదెక్కడిదిరా? మొన్న లేదే!"

"మొన్న లోపల ఉంది."

"ఇవాళ గాలికి వచ్చిందా?"

 ఆయన నా ముఖం చూశాడు. నా ముఖం ఆయనకు అక్కర్లేని ముఖం, ఇన్నాళ్ళలో అదే మొదటిసారి చూడటం. "వేసెయ్యనా?" అన్నాడు. "మీకు ఏది కనపడితే అది" అన్నాను. "కనపడింది వెయ్యకపోతే నాకు చెయ్యి దురద పెడుతుందిరా గాడిదకొడకా, తెలిసే వదిలావు" అని పోయి వేయడం మొదలెట్టాడు. ఆయన వెనక గోడకు ఒక అద్దం ఉంటుంది, బొమ్మను అందులో తిరగేసి చూసుకుంటాడు, తప్పులుంటే తిరగేసినప్పుడు పైకి వస్తాయట. నేను ఆ అద్దంలో చూస్తున్నాను. అద్దంలో దొర ఎడమచేతివాటం. దొర ముఖం కింద, నల్లపట్టు కింద, ముందు నాచురంగు మచ్చ ఒకటి పుట్టింది. చేపలా ఉంది. దానికి వేళ్ళు చీలాయి. వేళ్ళ మీద గులాబీ పడింది, కణుపుల మీద ఎరుపు, గోళ్ళ దగ్గర ఒక్కో తెల్ల చుక్క. నా చెయ్యి నా దగ్గరే ఉంది, అయినా అక్కడ ఇంకొకటి మొలుస్తోంది, దూడ కాళ్ళు ముందు వచ్చినట్టు. చిటికెన వేలు ఆఖరున. యోస్త్ నాలుక బయటపెట్టి, సన్న కుంచెతో ఒక్క వంపు తిప్పాడు. అంతే, అది వచ్చేసింది. ఓలాల్యా ఏడుస్తూ కట్టినది, ఫ్లాండర్సువాడు బూతులు గొణుక్కుంటూ కట్టాడు. ఎంత తేలిగ్గా! దీనికి ఇంతేనా పట్టేది? ఊరు వదిలినప్పటి నుంచీ ఇంతగా ఎవరూ నన్ను చూడలేదు, ఇలా చూసినవాడికి నా పేరు కూడా సరిగా తెలియదు.

కింద చక్రాల చప్పుడు. మెట్ల మీద దొర అడుగులు. ఆ అడుగుల్ని బట్టి చెప్పగలను కొలువులో ఏం జరిగిందో. ఇవాళ ఏమీ జరగలేదు, రాజు మళ్ళీ వాయిదా వేశాడు. తలుపు తీసుకుని నేరుగా వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. నాకు ఆయన వీపు కనపడుతోంది, అద్దంలో ముఖం కనపడుతోంది, గుడ్డ మీద ఇంకో ముఖం. ముగ్గురు దొరలు, మెడ కింద ఒక తోరీబియో. చాలాసేపు ముఖమే చూసుకున్నాడు. "ముసలివాణ్ణి చేశావు" అన్నాడు. "నేను చెయ్యలేదురా దొరా, వచ్చేసరికే అయ్యున్నావు" అన్నాడు యోస్త్. దొర నవ్వబోయి ఆగాడు. చూపు చేతి మీదికి దిగింది. ఇంక అక్కడే ఉండిపోయింది.

"తోరీబియో."

"దొరా."

"ఈ వేలు నీదేనా?"

"నాదే."

"మొన్న ఎక్కడుంది?"

"టోపీ కింద."

అంగీలో నుంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. యోస్త్ ముందు ఎప్పుడూ తీయలేదు. యోస్త్ కళ్ళు దాని మీద పడ్డాయి, చప్పున కుంచెల వైపు తిరిగి వాటిని తుడవడంలో పడ్డాడు. దొర తన చేతిని బొమ్మచేతి పక్కన పెట్టి పోల్చి చూశాడు. ఒకటి వణుకుతోంది, ఒకటి నిలకడగా ఉంది, వంకరగా ఉంది. "మాద్రిద్‌లో దీన్ని ముందు చూసేది మా బావమరిది. నా వేళ్ళు ఎలా ఉంటాయో వాడికి తెలుసు. ఇది ఎవడి చెయ్యి, వీడి చేతికి ఏమైంది అంటాడు. తెలియదా నీకు?"

"తెలుసు దొరా."

"తెలిసీ ఎందుకు పెట్టావు?"

చెప్పాల్సిందంతా ఉదయం నుంచీ లోపల తిరుగుతూనే ఉంది, గానుగెద్దులాగా. బయటికి వచ్చేసరికి మూడు ముక్కలే మిగిలాయి. "ఊళ్ళో చచ్చిపోయాననుకుంటున్నారు. రాస్తే నమ్మలేదు. ఈ వేలైతే మా ఆవిడ గుర్తుపడుతుంది."

దొర నా వైపు తిరిగాడు. గడ్డిని చూసినట్టు చూశాడు, ఇదెందుకు ఇట్లా ఉంది అన్నట్టు. "నన్ను అడగొచ్చు కదా. లెస్మెస్‌కు నేను రాసేవాణ్ణి" అన్నాడు. అని, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు. ఆయన ఎక్కడ రాస్తాడు? చలికాలం నుంచీ ఇంటికి ఒక్క ముక్క వెళ్ళలేదు. కొలువు ఉత్తరాలైతే రాయసగాడు రాసి ముద్ర వేస్తాడు. దొర చేతి సంతకం లేని కాగితాన్ని లెస్మెస్ ఏనాడూ నమ్మడు, అలా నమ్మొద్దని అతనికి నేర్పింది ఈ దొర తండ్రే. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన రాతా చెల్లదు, నా రాతా చెల్లదు. ఒకే కొలత, దర్జీ చెప్పినట్టు.

"సరిచెయ్యి" అన్నాడు యోస్త్‌తో. "తిన్నగా చేసెయ్యి." గొంతులో ఏమీ లేదు.  నేను చెయ్యి దించలేదు, దించమని ఎవరూ అనలేదు. దొర తన చేతిని వెనక్కి తీసుకోబోతుంటే అది ఊగి, వేలి కొన పోయి తడి రంగుకు తగిలింది. చిటికెన వేలి చివర కాస్త చెరిగింది. ఆయన తన వేలికొన ఎత్తి చూసుకున్నాడు. దాని మీద నా చర్మం రంగు అంటుకుని ఉంది.

"ముట్టుకుంటే వస్తుందా ఇది?"

"తడి కదరా దొరా. ఆరనీ, నీ మనవలు నాకినా రాదు."

"నాకినా రాదా? మరి మా తాత చెయ్యి మొత్తం పోయింది."

"ఎన్నేళ్ళు నాకారు?"

దొర వేలికొనను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు, వణుకు వల్ల ఆ రుద్దడం దానంతటదే జరుగుతోంది. "తొందరగా పోయే రంగులుంటాయా?" అని అడిగాడు. గడ్డిని గురించి అడిగే గొంతు అది. యోస్త్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఉంటాయి. జిగురూ సుద్దా కలిపిన నీళ్ళరంగు. నూనె మీద నిలవదు, అయితే ముందు వెల్లుల్లి రసం రుద్దితే పట్టుకుంటుంది. చూడ్డానికి తేడా తెలియదు. తడి తగిలితే మాత్రం..." అని ఆగి, "మీ ఊళ్ళో పొడి పెదవులతో పెడతారా, తడి పెదవులతోనా?" అన్నాడు.

"ముందు ఒక కప్పు వైను పోస్తారు" అన్నాడు దొర. అని నా వైపు తిరిగాడు. "వరసలో ఎవరు ముందు, తోరీబియో? నేను చూసి చాలాకాలమైంది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.  "లెస్మెస్ ముందు. తర్వాత మగవాళ్ళు. తర్వాత మొగుళ్ళున్న ఆడవాళ్ళు." అద్దంలో వేలివైపు చూశాను. "విధవలు ఆఖరున."

"ఆఖరున" అన్నాడు దొర.  "మాద్రిద్‌లో దాన్ని ఎవరూ ముద్దుపెట్టుకోరు, వాళ్ళు దూరం నుంచి చూసి కుళ్ళుకుంటారు. ఫ్రెస్నెదాల్‌లో నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆ నవ్వు మాద్రిద్‌కు వినపడదు. నా కాగితాన్ని నమ్మని లెస్మెస్ నా బొమ్మను కాదనగలడేమో చూద్దాం, ఊరందరి ముందూ." చెయ్యి మళ్ళీ అంగీలో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "పార్దాకు ఇవాళ దాణా కాస్త ఎక్కువ వెయ్యి, దాని వల్లే కదా ఇదంతా" అని వెళ్ళిపోయాడు.

యోస్త్ చాలాసేపు తల ఊపుతూ నవ్వుకున్నాడు. "వెల్లుల్లి కావాలిరా. ఈ దేశంలో వెల్లుల్లి ఎక్కడ దొరికి చస్తుంది?" ఫ్రూతోస్ దగ్గర జడ కట్టినవి ఉన్నాయని చెప్పాను. చచ్చినవాడికి వెల్లుల్లి ఎందుకని అడుగుతాడు వాడు, అడగనీ. యోస్త్ చెరిగిన కొనను మళ్ళీ ఒక్క చుక్కతో సరిచేశాడు. ఇది ఆరాక దీని మీద తిన్నని వేలు, దొర వేలు. తొడుగులా. ముందు లెస్మెస్ వంగుతాడు, వాడి మీసాలకు కొంత అంటుతుంది. మా తమ్ముడు, కమ్మరి, చర్చి గంటల ముసలాయన, ఒక్కొక్కడి పెదవి మీద కొంచెం కొంచెం దొర పోతూ ఉంటాడు, ఎవరికీ తెలియదు, అందరి కళ్ళూ మూసే ఉంటాయి. ఆడవాళ్ళు వస్తారు, వైను తాగి గుసగుసలాడుతూ. అప్పటికి కణుపు బయటపడుతుంది. చివరకు నల్లబట్టల వాళ్ళు. ఓలాల్యా చేతిలో కోడి ఉంటుందా, లెస్మెస్ లోపల పెట్టేసుంటాడా? తలగుడ్డ ముందుకు లాక్కుని ఉంటుందా? నవ్వుతుందా, ఏడుస్తుందా, ఊరంతా వినేలా నా పేరు పెట్టి పిలుస్తుందా? నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది, ఇంత ఇదిగా ఏదీ తెలుసుకోవాలనిపించలేదు. బహుశా ముందు కోపమే వస్తుంది. ఇంత వంకరగా నేను కట్టలేదు అంటుంది. ఇదిగో, ఓలాల్యా వంగింది. గంజి పట్టీ తల దించనివ్వడం లేదు గాని నాకు కనపడుతూనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎంత మిగిలిందో చూస్తోంది.

"అయిపోయింది, చెయ్యి దించు" అన్నాడు యోస్త్.

నేను దించలేదు.